కదిలే నేల, మారే అంకెలు: అమెరికా సర్వే సంస్కరణపై ఒక విమర్శ

ఒక వస్తువు ఎక్కడ ఉన్నదని ఎవరైనా అడిగితే, "దేనినుంచి?" అని తిరిగి అడగవలసి ఉంటుంది. పల్లెటూళ్లలో దారి చెప్పేవారు రావిచెట్టునో, చెరువుకట్టనో ఆనవాలుగా తీసుకొని చెబుతారు. ఆ రావిచెట్టు ఏదో తెలియని వారికి ఆ మాటవల్ల ప్రయోజనం లేదు. బాటసారికి రావిచెట్టు ఎట్లాంటిదో, ఒక దేశంలోని రోడ్లకు, కాలువలకు, వంతెనలకు, పొలం హద్దులకు ఆ దేశపు సర్వే ఆధార వ్యవస్థ అట్లాంటిది. పటం మీద కనిపించే ప్రతి అక్షాంశమూ, ప్రతి రేఖాంశమూ, ప్రతి ఎత్తూ దానినుంచి లెక్కగట్టినవే. అటువంటి ఆనవాలునే మార్చవలసి వస్తే ఏమవుతుంది? అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఈ శతాబ్దంలో తలపెట్టిన పని అదే. ఆ ప్రణాళికలోని గుణదోషాలు అమెరికా వారికి మాత్రమే సంబంధించినవి కావు. భూముల రీసర్వే జరుగుతున్న ఏ దేశానికైనా అవి పాఠం చెబుతాయి.

గుణదోషాలు చూడటానికి ముందు, ఇటువంటి పనిలో ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందో తెలిపే ఒక ఉదంతం చెప్పుకోవాలి. జర్మనీ, స్విట్జర్లాండుల సరిహద్దులో లౌఫెన్‌బుర్గ్ వద్ద రైన్ నదికి ఒక వంతెన కట్టినారు. రెండు ఒడ్డులనుంచీ పని సాగినది. జర్మనీలో ఎత్తులను ఉత్తర సముద్ర మట్టంనుంచి, స్విట్జర్లాండులో మధ్యధరా సముద్ర మట్టంనుంచి లెక్కిస్తారు. ఈ రెండు మట్టాలకు 27 సెంటీమీటర్ల తేడా ఉన్నదని ఇంజనీర్లకు ముందే తెలుసు. ఆ తేడాను సవరించాలని అనుకొన్నారు, సవరించినారు కూడా. కాని కూడవలసిన చోట తీసివేసినారు. తేడా పోవటానికి బదులు రెట్టింపై 54 సెంటీమీటర్లయినది. 2003లో ఈ పొరపాటు బయటపడి, కట్టడాన్ని సరిచేయవలసి వచ్చినది.

ఇక్కడ గమనించవలసినది ఏమంటే, ఏ ఒడ్డున కొలిచిన కొలత కూడా తప్పు కాదు. ఒక లెక్కను మరొక లెక్కలోకి మార్చే చోటనే తప్పు జరిగినది. అమెరికా ప్రణాళికను పరీక్షించటానికి ఇదే మంచి గీటురాయి.

పాత ఆధారాలు

అమెరికాలో ఈ బాధ్యత వహించే ప్రభుత్వ శాఖ పేరు నేషనల్ జియోడెటిక్ సర్వే. 1807లో తీరప్రాంతాల సర్వే కోసం ఏర్పడిన సంస్థ దీనికి మూలం.

భూమి సరిగ్గా గోళం కాదని విద్యార్థులకు తెలిసినదే. ధ్రువాలవద్ద కొద్దిగా నొక్కుకొని, భూమధ్యరేఖ వద్ద ఉబ్బి ఉంటుంది. కొండలు, లోయలు ఉన్న అసలు భూమి మీద గణితం సాగదు కనుక, దానికి దగ్గరగా ఉండే దీర్ఘవృత్తజం అనే నునుపైన ఆకారాన్ని సర్వేయర్లు ఊహించుకొంటారు. దానిని భూమికి ఎక్కడ, ఎట్లా అమర్చాలో నిర్ణయించి, అక్కడినుంచి లెక్కలు సాగిస్తారు. 1927లో అమెరికా స్థిరపరచిన వ్యవస్థలో, కాన్సాస్ రాష్ట్రంలోని మీడ్స్ రాంచ్ అనే చోట నేలలో నాటిన ఒక గుర్తు మూలబిందువు. క్లార్క్ 1866లో ప్రకటించిన దీర్ఘవృత్తజాన్ని వారు వాడినారు. దేశమంతటా అల్లిన త్రిభుజాల వల ఆ ఒక్క గుర్తునుంచి బయలుదేరినది.

తరువాతి తరంలో రెండున్నర లక్షలకు పైగా బిందువుల కొలతలను ఒక్కసారిగా సర్దుబాటు చేసి, 1983 పేరుతో కొత్త వ్యవస్థను తెచ్చినారు. ఆ లెక్క పూర్తి అయినది 1986లో. ఇందులో ఆధారం నేలమీది గుర్తు కాదు, భూమి కేంద్రం. ఐతే ఆనాటి ఉపగ్రహ కొలతలనుబట్టి కేంద్రమని తీసుకొన్న బిందువు, అసలు కేంద్రానికి రెండు మీటర్లకు పైగా ఎడంగా ఉన్నదని తరువాత తేలినది.

ఎత్తుల కథ వేరు. 1929లో అమెరికా, కెనడా తీరాలలోని 26 చోట్ల సగటు సముద్ర మట్టాన్ని సున్న అనుకొని ఎత్తులు స్థిరపరచినారు. సముద్ర మట్టం అన్ని తీరాలలో ఒకే ఎత్తులో ఉండదు. నీటి వేడి, ఉప్పదనం, ప్రవాహాలు, గాలులు దానిని మారుస్తాయి. 26 చోట్లా సున్న కావాలని పట్టుపట్టటంవల్ల కొలతలను వంచవలసి వచ్చినది. 1973లో ఆ వ్యవస్థ పేరులోనుంచి "సముద్ర మట్టం" అనే మాటనే తొలగించినారు. 1988 పేరుతో వచ్చిన తరువాతి వ్యవస్థలో కెనడాలో క్విబెక్ రాష్ట్రపు రిమూస్కి వద్ద ఉన్న ఒక్క కేంద్రాన్నే ఆధారం చేసుకొన్నారు. అక్కడినుంచి ఖండం ఆ చివరి వరకు లెవెల్ యంత్రం, కొలతకర్ర పట్టుకొని అడుగడుగునా కొలుచుకొంటూ పోయినారు. ఒక్కొక్క చోట మిగిలిన రవంత దోషం దారి పొడుగునా పోగుపడినది. ఉపగ్రహాలతో సరిచూస్తే ఆ ఎత్తుల ఆధారం సగటున అర మీటరు తేడాగా ఉండటమే కాక, ఖండం ఒక మూలనుంచి మరొక మూలకు ఒక మీటరు మేర వాలి ఉన్నదని తెలిసినది.

కొత్త ప్రణాళిక

ఈ లోపాలను సవరించటానికి వేసిన ప్రణాళికలో మూడు ముఖ్యాంశాలు ఉన్నవి.

భూమి పైపొర కొన్ని పెద్ద ఫలకాలుగా విడిపోయి, అవి మెల్లగా కదులుతూ ఉంటవి. అందుచేత దేశమంతటికీ ఒకే చట్రం కాక, ఉత్తర అమెరికా, పసిఫిక్, కరీబియన్, మరియానా ఫలకాలకు నాలుగు నిర్దేశ చట్రాలను ఏర్పరచదలచినారు. ఇవి నాలుగూ 2020 జనవరి ఆరంభంలో అంతర్జాతీయ భూ నిర్దేశ చట్రంతో ఏకీభవిస్తవి. ఆ తరువాత ఒక్కొక్కటి తన ఫలకంతో కలిసి తిరుగుతుంది. ఇది మొదటి అంశం.

రెండవది ఎత్తులు. ఉపగ్రహ గ్రాహకం చెప్పే ఎత్తు దీర్ఘవృత్తజంనుంచి కొలిచినది. నీరు ఎటు పారుతుందో అది చెప్పలేదు. నీటి పారుదలను శాసించేది గురుత్వం. అలలు, ప్రవాహాలు లేకుండా సముద్రం నిశ్చలంగా ఉండి, అదే మట్టం ఖండాల కిందుగా కూడా సాగినట్లు ఊహిస్తే ఏర్పడే ఉపరితలానికి జియాయిడ్ అని పేరు. భూమి లోపల బరువు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా ఉండటంవల్ల జియాయిడ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఉపగ్రహం చెప్పిన ఎత్తులోనుంచి, ఆ చోట దీర్ఘవృత్తజం మీద జియాయిడ్ ఎంత ఎత్తున ఉన్నదో ఆ అంకెను తీసివేస్తే ఇంజనీరుకు కావలసిన ఎత్తు వస్తుంది. జియాయిడ్‌ను సూక్ష్మంగా కనుక్కోవటానికి విమానాలలో గురుత్వమాపకాలు పెట్టి దేశమంతటా కొలిచే కార్యక్రమాన్ని 2007లో తలపెట్టినారు. సాధ్యమైన చోటనల్లా రెండు సెంటీమీటర్ల సూక్ష్మత సాధించటం దాని లక్ష్యం.

మూడవది ప్రమాణం. అమెరికాలో అడుగులు రెండు రకాలు. 1893నాటి ఉత్తరువునుబట్టి అడుగు అంటే మీటరులో 3937వ వంతులు 1200. 1959లో అంతర్జాతీయ అడుగును సరిగ్గా 0.3048 మీటరుగా నిర్ణయించినారు. కాని సర్వేయర్లకు పాత అడుగును తాత్కాలికంగా ఉంచుకొనే వెసులుబాటు ఇచ్చినారు. ఆ తాత్కాలికం అరవై ఏళ్లకు పైగా సాగి, 2022 డిసెంబరు 31తో ముగిసినది.

మెచ్చుకోదగినవి

ఈ ప్రణాళికలో మెచ్చుకోదగినవి అనేకం. భూమి స్థిరంగా ఉన్నదనే పాత ఊహను వదలి, కదలికను లెక్కలోనే చేర్చుకోవటం శాస్త్రీయమైన పని. వేల మైళ్లు కర్రతో కొలిచే బదులు గురుత్వాన్ని కొలిచి ఎత్తులు రాబట్టటంవల్ల దోషం దారి పొడుగునా పోగుపడదు. నేలలో నాటిన గుర్తులు కుంగిపోతవి, రోడ్లు వేసేటప్పుడు పెకలించబడతవి. నిరంతరం పనిచేసే ఉపగ్రహ గ్రాహక కేంద్రాలు తమ కదలికను తామే చెబుతవి. రెండు అడుగులలో ఒకదానిని తొలగించటం ఎప్పుడో జరగవలసిన మంచి పని. పాత నిరూపకాలను కొత్తవాటిలోకి మార్చే సాధనాలను సిద్ధం చేయటం కూడా ప్రణాళికలో భాగమే.

లోపాలు

ఐనా, లౌఫెన్‌బుర్గ్ గీటురాయి మీద పెట్టి చూస్తే కొన్ని లోపాలు కనిపిస్తవి.

మొదటిది పేరు. కొత్త చట్రాలకు "2022" అని పేరు పెట్టినారు. లెక్కకు ఆధారమైన కాలం 2020. పని 2022లో పూర్తి కాలేదు. గురుత్వ సర్వే ఆలస్యం కావటం ఇందుకు ఒక కారణం. ఆలస్యానికి ఎవరినీ తప్పుపట్టనక్కరలేదు. ఇంత పెద్ద పనిలో అది సహజం. కాని పేరు ఒక సంవత్సరం, ఆధార కాలం మరొక సంవత్సరం, అమలు ఇంకొక సంవత్సరం అయితే, యాభై ఏళ్ల తరువాత కాగితం చూసే సర్వేయరు దేనిని నమ్మాలి? 1983 అని పేరుపెట్టి 1986లో ముగించిన అనుభవం ఆ సంస్థకే ఉన్నది. ఈ విషయంలో ఆస్ట్రేలియా వారు మెరుగు. వారి దేశం ఏటా సుమారు 7 సెంటీమీటర్లు ఈశాన్యంగా కదులుతూ, 1994నాటి చట్రంనుంచి 2020 నాటికి 1.8 మీటర్లు జరిగినది. వారు కొత్త చట్రానికి 2020 అని పేరు పెట్టినారు. దాని ఆధార కాలం కూడా 2020 జనవరి 1. పేరు చూడగానే కాలం తెలుస్తుంది.

రెండవది ఫలకాల అంచులకు సంబంధించినది. చట్రం ఫలకంతో కలిసి తిరిగితే నిరూపకాలు మారవని ఈ పద్ధతి ఆశ. ఫలకం గట్టి పలకలాగ కదిలే చోట ఆ ఆశ నెరవేరుతుంది. కాలిఫోర్నియాలో పరిస్థితి వేరు. అక్కడ సాన్ ఆండ్రియాస్ భ్రంశానికి పడమట ఉన్న లాస్ ఏంజెలిస్ ప్రాంతం పసిఫిక్ ఫలకంతోపాటు సాగుతూ, ఉత్తర అమెరికాతో పోలిస్తే ఏటా కొన్ని సెంటీమీటర్లు వాయవ్యంగా జరుగుతుంది. మరికొన్ని చోట్ల భూగర్భజలాన్ని తోడటంవల్ల నేల కుంగుతున్నది. ఇటువంటి చోట్ల అదనపు వేగపు లెక్కలు వాడాలని ప్రణాళిక చెబుతున్నది. అంటే నేల ఎక్కడ ఎక్కువగా కదులుతుందో అక్కడనే సర్వేయరు మీద భారం ఎక్కువగా పడుతుంది. పెద్ద సంస్థల ఇంజనీర్లు ఆ భారం మోయగలరు. ఒక్కడే పరికరం భుజాన వేసుకొని ఊళ్లు తిరిగే సర్వేయరు సంగతి ఆలోచించవలసి ఉన్నది.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది, వరద మట్టాలు. కొత్త వ్యవస్థలో ఎత్తులు ఫ్లోరిడాలో స్వల్పంగా, దేశపు వాయవ్య మూలలో మీటరుకు పైగా మారుతవని అంచనా. ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక ఇంటి అరుగు పాత లెక్కలో 10 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి వరద మట్టం 9.6 మీటర్లు. ఇల్లు 40 సెంటీమీటర్లు పైన ఉన్నది కనుక క్షేమం. కొత్త లెక్కలో రెండూ ఒక మీటరు చొప్పున తగ్గితే 9 మీటర్లు, 8.6 మీటర్లు అవుతవి. తేడా మళ్లీ 40 సెంటీమీటర్లే. కాని ఇంటి ఎత్తును కొత్త లెక్కలో, వరద మట్టాన్ని పాత పటంనుంచి తీసుకొంటే, క్షేమమైన ఇల్లు కాగితం మీద 60 సెంటీమీటర్లు మునిగిపోతుంది. దీనికి తిరుగుడుగా జరిగితే ఇంకా ప్రమాదం, మునిగే ఇల్లు కాగితం మీద క్షేమంగా కనిపిస్తుంది. నది మాత్రం ఏ లెక్కనూ చూడదు.

నాలుగవది పాత కాగితాల సమస్య. మార్పు సాధనం ఎంత గొప్పదైనా, ఇచ్చిన అంకె ఏ వ్యవస్థలోనిదో తెలిస్తేనే పనిచేస్తుంది. పాత పటాలలో, దస్తావేజులలో ఆ వివరం లేనివి ఎన్నో ఉంటవి. అడుగుల సంగతే చూడండి. రెండు అడుగుల మధ్య తేడా పది లక్షలలో రెండు పాళ్లు మాత్రమే. ఇంటి స్థలానికి అది లెక్కలోకి రాదు. కాని మూలబిందువునుంచి 20 లక్షల అడుగుల దూరంగా రాసిన నిరూపకంలో ఆ తేడా 4 అడుగులవుతుంది. 2022తో పాత అడుగు చట్టంలోనుంచి పోయినది గాని, దానితో రాసిన కాగితాలు బీరువాలలోనే ఉన్నవి. వాటిమీద "ఏ అడుగు" అని రాయించే ఏర్పాటు పటాలు తయారుచేసిననాడే ఉండవలసినది.

ఈ నాలుగు లోపాలకూ మూలం ఒకటే. సూక్ష్మత సాధించటం మీద పెట్టిన శ్రద్ధ, అంకెతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా నడిచేటట్లు చూడటం మీద పెట్టలేదు. ఏ చట్రంలోనిది, ఏ కాలానిది, ఏ ప్రమాణంలోనిది అనే మూడు ముక్కలు తోడు లేని అంకె సగం వాక్యం వంటిది. శాస్త్రవేత్తలకు ఈ సంగతి తెలియక కాదు. వారి పత్రాలలో ఇది వివరంగానే ఉన్నది. కాని పత్రాలలో ఉన్నది పటం అంచున, దస్తావేజు అడుగున కనిపించేదాకా సంస్కరణ పూర్తి అయినట్లు కాదు.

భారతదేశానికి పాఠం

ఈ పాఠం భారతదేశానికి కొత్తది కాదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఆధార రేఖను కొలిచి త్రిభుజాల వల మొదలుపెట్టినాడు. ఆయన తరువాత జార్జ్ ఎవరెస్టు ఆ పనిని ఉత్తరానికి సాగించినాడు. ఎవరెస్టు పేరుతో ఉన్న 1830నాటి దీర్ఘవృత్తజం, మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ మూలబిందువు చిరకాలం దేశపటాలకు ఆధారాలుగా ఉన్నవి. ఆ దీర్ఘవృత్తజపు పెద్ద వ్యాసార్ధం, నేడు ఉపగ్రహ వ్యవస్థలో వాడే దానికంటె సుమారు 860 మీటర్లు తక్కువ. హైదరాబాదు ప్రాంతంలో ఒకే సర్వే రాయికి పాత లెక్కలోని నిరూపకాలనూ, ఉపగ్రహ లెక్కలోని నిరూపకాలనూ ఒకే పటం మీద గుర్తిస్తే, రెండు గుర్తుల మధ్య వంద మీటర్లకు పైగా ఎడం కనిపిస్తుంది. 2005నాటి జాతీయ పటాల విధానం ప్రజలకిచ్చే పటాలను ఉపగ్రహ లెక్కలోకి మార్చినది. ఎత్తులకు ఆధారం 1909నాటిది. విశాఖపట్నం, మద్రాసులతో సహా తొమ్మిది రేవులలోని సగటు సముద్ర మట్టంనుంచి దానిని స్థిరపరచినారు. అమెరికా 1929లో చేసిన పని ఇక్కడ ఇరవై ఏళ్లు ముందే జరిగినది. అందులోని ఇబ్బంది ఇందులోనూ ఉన్నది.

భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా కదులుతున్నది. ఆ లెక్కన లాంబ్టన్ ఆధార రేఖ కొలిచిన నాటినుంచి 2022 వరకు, అంటే 220 ఏళ్లలో, మద్రాసు సుమారు 11 మీటర్లు జరిగినది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోనులు, ఉపగ్రహ గ్రాహక కేంద్రాలు వాడినారు. అటువంటి కొలతలో సెంటీమీటర్ల సూక్ష్మత సాధ్యమవుతున్నది. ఇప్పుడు ఒక సందేహం రావచ్చును. పదేళ్లలో నేల 50 సెంటీమీటర్లు జరిగితే, పొలం గట్టు పొరుగువాని చేనులోకి పోతుందా? పోదు. ఇద్దరి పొలాలూ, మధ్య గట్టూ, గట్టుమీది తుమ్మచెట్టూ కలిసే కదులుతవి. వాటి మధ్య దూరం మారదు. కాని అంతర్జాతీయ చట్రంలో 2020నాటి అంకెను, 2030నాటి అంకెతో కాలం చూడకుండా పోల్చితే, గట్టు అర మీటరు జరిగినట్లు కనిపిస్తుంది. అర మీటరు అంటే ఒక చిన్న గట్టు వెడల్పు. అంతమాత్రానికే ఊళ్లలో తగాదాలు పుట్టి కోర్టులకెక్కటం అందరూ ఎరిగినదే. గట్టు కదలకుండానే అంకెవల్ల తగాదా రావటం ఎంత అన్యాయం! ఆ అంకె పక్కన చట్రం పేరు, కాలం రాసి ఉంటే ఒక్క కూడికతో తీరిపోయే సంగతి అది.

ప్రమాణాల విషయంలోనూ అంతే. కోస్తా జిల్లాలలో సెంట్లు, తెలంగాణలో గుంటలు వాడుకలో ఉన్నవి. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. ఇవి తెలిసినవారికి చిక్కు లేదు. ఏది వాడినారో రాయకపోతేనే చిక్కు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో సులభంగా చూపవచ్చును. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దానిని 360తో, తరువాత 3600తో భాగిస్తే అక్షాంశంలో ఒక సెకను సుమారు 31 మీటర్లని తేలుతుంది. పటంలో అక్షాంశాన్ని సెకను వరకే రాస్తే ఫలకం కదలిక కనిపించదు. సెకనులో వెయ్యవ వంతు వరకు రాస్తే కనిపిస్తుంది. సూక్ష్మత పెరిగినకొద్దీ కాలం రాయవలసిన అవసరం ఎందుకు పెరుగుతుందో విద్యార్థులకు దీనితో బోధపడుతుంది. అట్లాగే, హైదరాబాదులో జియాయిడ్ దీర్ఘవృత్తజానికి సుమారు 75 మీటర్లు దిగువన ఉన్నది. ఉపగ్రహ గ్రాహకం అక్కడ దీర్ఘవృత్తజంనుంచి 440 మీటర్ల ఎత్తు చెబితే, సముద్ర మట్టంనుంచి ఎత్తు ఎంత? దిగువన ఉన్నది కనుక ఆ అంకె రుణసంఖ్య. రుణసంఖ్యను తీసివేయటమంటే కూడటమే. జవాబు 515 మీటర్లు. ఇక్కడ గుర్తు మరచిన విద్యార్థికి 365 వస్తుంది. లౌఫెన్‌బుర్గ్‌లో జరిగిన పొరపాటు ఇటువంటిదే.

అమెరికా ప్రణాళిక శాస్త్రరీత్యా పాత వ్యవస్థకంటె ఎంతో మేలైనది. దానిని ఆదర్శంగా తీసుకోదలచిన దేశాలు అందులోని గురుత్వ సర్వేను, ఫలకాల చట్రాలను స్వీకరించవచ్చును. దానితోపాటు, పట్టాదారు చేతికిచ్చే ప్రతి కాగితం మీద చట్రం, కాలం, ప్రమాణం అనే మూడు ముక్కలను అతనికి అర్థమయ్యే భాషలో అచ్చువేయాలి. అందుకు విమానాలు అక్కరలేదు, ఒక వరుస సిరా చాలును.